ముదురాకుపచ్చ: తెరమీదను, కాగితముమీదను

తెలుగువారు రంగులకు పేర్లు పెట్టునప్పుడు చెట్టుచేమలను మరువలేదు. పచ్చ యను మాట మనకు పసుపుకొమ్మునకును చెల్లును, ఆకునకును చెల్లును. అందుచేతనే పసుపుపచ్చ, ఆకుపచ్చ, చిలుకపచ్చ యని ముందొక మాట చేర్చి వానిని వేరుపరచుకొందుము. ఆ యాకుపచ్చలో మరల లేత, ముదురు అను భేదమును ఆకు వయస్సును బట్టియే యేర్పరచుకొంటిమి. విచ్చుచున్న అరటియాకు రంగు లేతాకుపచ్చ. ముదిరిన పనసాకు రంగు ముదురాకుపచ్చ. కన్నులకు చల్లదనమును, మనస్సునకు నెమ్మదిని ఇచ్చు వర్ణమని పెద్దలు దీనిని మెచ్చుకొనుట మన మెరిగినదే.

ఈ వర్ణము పాఠశాలలకు మిక్కిలి ప్రియమైనది. తరగతిగదిలోని వ్రాతపలక ఒకప్పుడు నల్లనిది. నేడు పెక్కు పాఠశాలలలో అది ముదురాకుపచ్చనిది. వార్షికసంచికల యట్టలకును, గుర్తింపుకార్డులకును, ఉత్సవములనాటి ఫ్లెక్సీలకును, వెబ్‌సైట్ల శీర్షభాగములకును ఈ రంగునే కోరువారు పెక్కుమంది. కోరుట సులభము, వాడుటలో మాత్రము కొన్ని మెలకువలు కలవు. అవి తెలియనిచో అందము మిగిలి అక్షరము మాయమగును.

అక్షరము మాయమైనచో నష్టమెవరికి? పిల్లలకు. మనము తరతరములుగా నివసించుచున్న యీ ప్రాంతములలో వీధిపలకలు, బస్సుపలకలు, అంగళ్లపేర్లు రాష్ట్రభాషలో నుండుట సహజము. మన పిల్లల కంటబడు తెలుగక్షరములు కొలదిపుటలలోనివే: పాఠ్యపుస్తకము, పాఠశాల పంపు ప్రకటన, వెబ్‌సైటు, ఏటికొకసారి వచ్చు ఇట్టి సంచిక. ఆ కొలదిపుటలలో ఒత్తు కనబడక పిల్లవాడు తప్పు చదివినప్పుడు, ఆ తప్పు వాని చదువులోనిదా, లేక అచ్చులోనిదా యని విచారించువారు అరుదు. కావుననే ఒక్క రంగును గూర్చి ఇంత విపులముగా ముచ్చటింప బూనితిమి.

పేరు చాలదు, కొలత కావలెను

1947వ సంవత్సరము జూలై 22వ తేదీన రాజ్యాంగసభ జాతీయపతాకమును గూర్చి చేసిన తీర్మానములో, కాషాయము, తెలుపు, ముదురాకుపచ్చ యను మూడు రంగులు సమానముగా నుండవలెనని యున్నది. 1921లో బెజవాడలో గాంధీజీకి పతాకపు నమూనాను సమర్పించిన పింగళి వెంకయ్యగారు మన తెలుగువారే. నాటినుండి నమూనాలు మారినను ఆకుపచ్చ మాత్రము ఆ పతాకమును విడువలేదు. అయితే ముదురాకుపచ్చ యను పేరొక్కటి చెప్పి, నూరూళ్లలో నూరుగురు అద్దకమువారికి పని యప్పగించినచో నూరు విధముల పచ్చలు తయారగును. పతాకమునకు 1951లో భారతీయ ప్రమాణమును వెలువరించి, తరువాత సవరించుచు వచ్చిరి. ఆ ప్రమాణమున రంగు పేరుతో సరిపెట్టక కొలతలతోడనే నిర్ణయింపబడినది.

రంగును కొలుచుట యెట్లు? అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన గ్రంథములో ప్రతిరంగునకు మూడు గుణములు చెప్పెను. మొదటిది దాని జాతి: ఎరుపా, పసుపా, పచ్చయా, నీలమా యనునది. రెండవది దాని వెలుగు: తెలుపునకు చేరువయా, నలుపునకు చేరువయా యనునది. మూడవది దాని గాఢత: స్వచ్ఛముగా నున్నదా, బూడిదరంగు కలిసినట్లున్నదా యనునది. ముదురాకుపచ్చ జాతిచేత పచ్చ. వెలుగుచేత నలుపునకు చుట్టము. ఈ రెండవ గుణమే మనకు ముఖ్యము. ఏలయన, కన్ను చదువునది ప్రధానముగా రంగును గాదు, వెలుగుచీకట్ల తేడాను. అక్షరమునకును దాని వెనుకనున్న అడుగురంగునకును నడుమ ఆ తేడా చాలినంత యున్నచో చదువు సాగును. లేనిచో రంగు లెంత రమ్యమైనను చదువు కుంటుపడును.

తెరపైని పచ్చ

ఫోనుయొక్కగాని, కంప్యూటరుయొక్కగాని తెరను భూతద్దముతో చూచినచో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడువిధముల సూక్ష్మదీపములు వరుసలు తీరి కనబడును. ఈ మూడింటిని తగుపాళ్లలో వెలిగించి తెర సర్వవర్ణములను పుట్టించును. ఒక్కొక్క దీపమునకు 0 మొదలు 255 వరకు అంకెలు కలవు. 0 అనగా ఆరినది. 255 అనగా పూర్తిగా వెలిగినది. మూడును 255 అయినచో తెలుపు, మూడును 0 అయినచో నలుపు. వెబ్‌పుటలు తయారుచేయువారు ముదురాకుపచ్చ యని పేరుపెట్టిన రంగు ఎరుపు 0, ఆకుపచ్చ 100, నీలము 0 గలది.

ఇచ్చట ఒక విశేషమున్నది. 255లో 100 అనగా నూటికి 39 వంతులని లెక్కకు తోచును. కాని ఆ దీపము నిజముగా వెలువరించు కాంతి, పూర్తికాంతిలో నూటికి 13 వంతులు మాత్రమే. మన కన్ను చీకటిలోని చిన్నతేడాలను సైతము పసిగట్టును గాని, మిక్కిలి వెలుగులోని తేడాలను అంతగా గుర్తింపదు. అందుచేత ఈ యంకెలను కంటి స్వభావమున కనుగుణముగా అమర్చిరి. ముదురాకుపచ్చ మనము తలంచినదానికంటె చాల చీకటియైన రంగని దీనివలన తెలియుచున్నది.

మరియొక విశేషము. మూడు దీపములును పూర్తిగా వెలిగి తెలుపు పుట్టినప్పుడు, మన కంటికి తోచు వెలుగులో సుమారు 72 వంతులు ఆకుపచ్చదీపమువలననే వచ్చును. ఎరుపువలన 21, నీలమువలన 7 వంతులు మాత్రమే. కావున పూర్తిగా వెలిగిన ఆకుపచ్చ తెలుపునకు మిక్కిలి చేరువ. ఆ మెరయు పచ్చతో తెల్లని తెరపై అక్షరములు వ్రాసినచో అవి మంచుపై నురుగువలె నుండును. అదే పచ్చను ముదిరించినకొలది అక్షరము తేటపడును. పచ్చ యను జాతి మారలేదు; వెలుగు మారినది. చదువునకు ప్రాణమిచ్చినది ముదురుదనమేగాని పచ్చదనము గాదు.

అక్షరమునకును అడుగురంగునకును నడుమ

ఈ తేడాను అంకెలలో చెప్పు పద్ధతి యొకటి కలదు. తెల్లని అడుగుపై నల్లని అక్షరమునకు గల తేడాను 21 అనియు, రెండును ఒకేరంగైనచో 1 అనియు లెక్కింతురు. వెబ్‌పుటలకు నియమములను కూర్చు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము వారు 2008లో ప్రకటించిన మార్గదర్శకములలో, మామూలు అక్షరములకు ఈ తేడా కనీసము 4.5 ఉండవలెననియు, పెద్ద అక్షరములకు 3 చాలుననియు, మిక్కిలి శ్రేష్ఠమైన స్థాయికి 7 కావలెననియు నిర్ణయించిరి. ఈ కొలబద్దతో మన పచ్చలను పరీక్షింతము. అన్నిటికిని అడుగు తెలుపే.

పూర్తిగా వెలిగిన ఆకుపచ్చకు తేడా 1.4 మాత్రమే; అక్షరములకు పనికిరాదు. అడవిపచ్చ యని పేరుగాంచిన రంగు, అనగా 34, 139, 34 అంకెలు గలది, 4.4 వద్ద నిలిచి, గడపదాక వచ్చి లోనికి రాలేకపోయినది. 128 అంకెగల సామాన్యపు పచ్చకు 5.1 వచ్చును, సరిపోవును. 100 అంకెగల ముదురాకుపచ్చకు 7.4 వచ్చి శ్రేష్ఠస్థాయిని దాటును. ఇంకను ముదిరించి 51 అంకెకు దించినచో 14 దాటును. అయితే అప్పుడది పచ్చయని గుర్తించుటకు కన్ను కొంత శ్రమపడవలెను.

ఇక ముదురాకుపచ్చనే అడుగుగా నుంచి దానిపై అక్షరములను వ్రాయుదము. తెల్లని అక్షరములకు అదే 7.4 వచ్చును. పసుపుపచ్చని అక్షరములకు 6.9 వచ్చును. నల్లని అక్షరములకు 2.8 మాత్రమే. ఎర్రని అక్షరములకు 1.9 కూడ నిండదు. తరగతిగదిలో పచ్చనిపలకపై తెల్లసుద్దయు, పసుపుసుద్దయు వెనుకబల్లవరకు తేటగా కనబడుటకును, ముఖ్యమని ఎర్రసుద్దతో వ్రాసిన మాటయే కనబడకపోవుటకును కారణమిదియే. ఉపాధ్యాయులు అనుభవముచేత నెరిగిన దానినే ఈ యంకెలు స్థిరపరచుచున్నవి. జాతీయరహదారులపై పచ్చని పలకలమీద ఊళ్లపేర్లు తెలుపుతో వ్రాయుటయు ఇట్టిదే.

తెరవిషయమున మరియొక జాగ్రత్త. ఫోనును చీకటిగదిలో చూచుట వేరు, మిట్టమధ్యాహ్నము బస్సుకొరకు నిలిచి చూచుట వేరు. ఎండ అద్దముపై పడినప్పుడు తెరలోని చీకటి భాగములన్నియు తెల్లబారును. ముదురాకుపచ్చకును దాని ప్రక్కనున్న నలుపునకును భేదము తెలియదు. మరికొందరు దృష్టిదోషము గలవారికి ముదురు అడుగుపైని తెల్లని సన్నయక్షరములు అంచులు చెదరినట్లు కనబడును. కావున పరీక్షల తేదీలు, రుసుము వివరములు, సెలవుల పట్టిక మొదలగు దీర్ఘవిషయములు తెల్లని అడుగుపై నలుపుతోగాని, మిక్కిలి ముదిరిన పచ్చతోగాని యుండుట మేలు. ముదురాకుపచ్చ యడుగు శీర్షికలకును, పట్టీలకును, మీటలకును చాలును.

కాగితముపైని పచ్చ

తెరపై వెలుగును చేర్చి రంగును పుట్టింతుము. కాగితముపై పని దీనికి విరుద్ధము: తెల్లని కాగితమునుండి వచ్చు వెలుగులో కొంత మ్రింగివేసి రంగును పుట్టింతుము. రంగులబొమ్మలు అచ్చువేయు యంత్రమునకు నాలుగు సిరాలు: నీలి, గులాబి, పసుపు, నలుపు. నీలిసిరా తెల్లని వెలుగులోని ఎరుపును మ్రింగును. పసుపుసిరా నీలమును మ్రింగును. ఒకదానిపై నొకటి పడినప్పుడు ఎరుపును నీలమును పోయి ఆకుపచ్చ మాత్రము మిగిలి మన కంటికి వచ్చును. దానిపై కొంత నలుపు పడినచో అది ముదురాకుపచ్చ యగును.

ఈ సూత్రము మన దేశమునకు క్రొత్తది గాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వస్త్రముపై ఆకులను, చిలుకలను చిత్రించునప్పుడు పచ్చరంగును వేరుగా తెచ్చుకొనరు. నీలిరంగును పసుపును ఒకే తావున పడనిచ్చి పచ్చను పుట్టింతురు. నాలుగు సిరాల యచ్చుయంత్రము చేయుచున్నదియు స్థూలముగా ఆ పనియే. నేటి యచ్చులో వాడు నీలిసిరాకు మూలమైన థాలోసయనిన్ అను రంగు 1935 ప్రాంతమున విపణికి వచ్చినది. అది ఎండకు సులభముగా వెలియదు. పసుపుసిరాకు అంత యోర్పు లేదు. అందుచేతనే నెలలతరబడి ఎండలో నున్న పచ్చని గోడపత్రికలు క్రమముగా నీలివర్ణమును దాల్చుట మనము చూచుచున్నాము. ఐరోపాలోని ప్రాచీనమైన చిత్రవస్త్రములలో చెట్ల యాకులు నేడు నీలముగా కనబడుటకును పసుపు వెలిసి నీలి నిలుచుటయే కారణము. కావున ఏడాదిపొడుగునను ఆరుబయట నుండవలసిన పలకకు నాలుగుసిరాల పచ్చ తగినది గాదు.

కాగితపు జాతిని బట్టియు పచ్చ మారును. నునుపైన ఆర్టుపేపరుపై సిరా పైననే నిలిచి నిగనిగలాడును. మ్యాప్లితో కాగితము సిరాను పీల్చుకొనును; చుక్కలు వ్యాపించి రంగు అనుకొన్నదానికంటె ముదురుగాను, కాంతిహీనముగాను తయారగును. ఆర్టుపేపరు నమూనాను చూచి మెచ్చిన పచ్చ, మ్యాప్లితోపై మసిపట్టిన పచ్చగా మారుటకు హేతువిదియే. అట్టపై నిగారింపు లామినేషన్ వేసినచో ముదురురంగు మరింత లోతుగా కనబడును. నిగారింపులేని లామినేషన్ వేసినచో ఉపరితలమున వెలుగు చెదరి కొంచెము బూడిదవారినట్లు కనబడును. ఫోనుతెరపై చూచి రంగును ఖాయపరచుట ఈ కారణములచేత సరిగాదు. తెర తన వెలుగుతో వెలుగును. కాగితము గదిలోని వెలుగును అరువు తెచ్చుకొనును. ఏ కాగితముపై అచ్చు పడనున్నదో ఆ కాగితముపైననే ప్రూఫు తీయించి, పగటివెలుగున చూచి సమ్మతించుట ఉత్తమము.

ఎంత సిరా పడుచున్నదనుటయు విచారింపదగినది. నీలి 100 వంతులు, పసుపు 100 వంతులు, నలుపు 60 వంతులు కలిపినచో మొత్తము 260 వంతులగును. మంచి ఆర్టుపేపరు సుమారు 300 వంతులవరకు భరించును; వార్తాపత్రికల కాగితమునకు 240 ప్రాంతమే హద్దు. హద్దు మీరినచో సిరా ఆరక, ప్రక్కపుటకు అంటుకొనును. సంచికను తెరచినప్పుడు ఎదుటిపుటపై పచ్చని మరకలు కనబడుటకు తరచుగా కారణమిది.

తెలుగక్షరము కోరునది

ఇప్పటివరకు చెప్పినది యే భాషకైనను వర్తించును. తెలుగక్షరమునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. మన లిపి గుండ్రనిది. అందలి తేడాలు సూక్ష్మమైనవి. పకారమునకును వకారమునకును గల భేదము తలకట్టు అక్షరమునకు అంటియుండుటయా, విడిగా నుండుటయా యనునదియే. ఆ సందు పూడినచో పాలు వాలగును. పడి వడి యగును. దకారమునకు ధకారమునకును నడుమ నున్నది క్రిందనున్న చిన్నగీత. అది రాలిపోయినచో ధార దారయగును. ఒత్తులు అసలు అక్షరముకంటె చిన్నవి. అక్షరముక్రింద నిరుకైన చోటున నుండును. అచ్చులో మొదట దెబ్బతినునవి అవియే.

ముదురాకుపచ్చ విషయమున ఈ దెబ్బ రెండువిధములుగా తగులును. మొదటిది, పచ్చయడుగుపై తెల్లని అక్షరములను విడిచిపెట్టునప్పుడు. ఇచ్చట అక్షరమునకు సిరా లేదు. చుట్టునున్న సిరాయే అక్షరమును నిలుపుచున్నది. సిరా వ్యాపించినకొలది తెల్లనిగీత సన్నగిలును, తలకట్టు తెగును, ఒత్తు పూడును. మూడు సిరాలు ఒకదానిపై నొకటి పడునప్పుడు, వానిలో నొకటి వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను తెల్లనిగీతలోనికి నీలిగాని పసుపుగాని చొరబడును. రెండవది, తెల్లకాగితముపై పచ్చని అక్షరములను వేయునప్పుడు. ఆ పచ్చ పెక్కుసిరాలతో తయారైనచో అక్షరపు అంచున రంగుల నీడలు తోచును. అదియుగాక, పూర్తిగా పడని సిరాను యంత్రము చుక్కలుగా వేయును. మంచి పనిలోనైనను ఆ చుక్కలు అంగుళమునకు 150 వరుసలు. సన్నని ఒత్తు ఆ చుక్కలమధ్య రంపపుపళ్లవలె నగును.

దీనికి మందు కలదు. అచ్చుకు ముందే కలిపియుంచిన ఒక్క పచ్చసిరాను వాడుట. అప్పుడు ఒక్క ప్లేటు, ఒక్క సిరా. జరుగుట కవకాశము లేదు, చుక్కలు లేవు, అంచు తీర్చినట్లుండును. ఇట్టి సిరాలకు సంఖ్యలిచ్చి నమూనాపుస్తకము వెలువరించు పద్ధతిని అమెరికాలో పాంటోన్ అను సంస్థ 1963లో ప్రవేశపెట్టినది; నేడు అచ్చువారు ఆ సంఖ్యను చెప్పినచో సిరాను కలుపుదురు. నలుపు, పచ్చ యను రెండు సిరాలతోనే సంచిక లోపుటలను తీర్చిదిద్దినచో నాలుగుసిరాల ఖర్చుకూడ తప్పును. నాలుగుసిరాలతోబాటు ఈ ప్రత్యేకసిరాను అయిదవదిగా చేర్చినచో మాత్రము ఖర్చు పెరుగును. అది వలదనుకొన్నచో, అక్షరమును ఒక్క నలుపుసిరాతో వేసి, పచ్చను పట్టీలకును, అంచులకును, బొమ్మలకును వాడుట తేలికయైన త్రోవ. పచ్చపై తెలుపు తప్పనిసరియైనచో అక్షరము లావుగాను, పెద్దదిగాను ఉండవలెను. పంక్తులు ఎడముగా నుండవలెను. పేరాలకు పేరాలు కాక నాలుగైదు మాటలతో ముగియవలెను.

రంగు తెలియని కన్నులు

ఎరుపును పచ్చను వేరుపరచలేని కన్నులు కొందరికి పుట్టుకతోనే యుండును. ఇంగ్లండుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు జాన్ డాల్టన్ తన కన్నులకే ఈ లోపమున్నట్లు కనుగొని 1794లో దానిని గూర్చి ప్రసంగించెను. కంటిలోపలి ద్రవము నీలిరంగుగా నుండుటచేత నిట్లగుచున్నదని యాతని తలంపు. తన మరణానంతరము కన్నులను పరీక్షింపుమని యాతడు కోరెను. 1844లో మరణించిన పిమ్మట చూడగా ద్రవము నిర్మలముగానే యున్నది. భద్రపరచిన యా కంటి శకలమును 1995లో పరీక్షించి, ఆకుపచ్చప్రాంతపు వెలుగును గుర్తించు కణములలోని వర్ణద్రవ్యము లోపించినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి.

ఉత్తర ఐరోపా సంతతివారిలో పురుషులు సుమారు పన్నెండుమందిలో ఒకరికి ఈ లోపము ఏదో యొక మోతాదులో నుండును. స్త్రీలలో సుమారు రెండువందలమందిలో ఒకరికి. జాతులను బట్టి ఈ లెక్క మారును గాని, లోపము లేని జాతి లేదు. ఇది తల్లిద్వారా కొడుకునకు వచ్చునది. తల్లికి దాని జాడయైన తెలియకపోవచ్చును. దృష్టి చురుకుగానే యుండును గనుక పిల్లవాడు దానిని చెప్పలేడు. లోకమంతయు తనవలెనే చూచుచున్నదని తలంచును.

అట్టి పిల్లవానికి ముదురాకుపచ్చయు ముదురెరుపును ఇంచుమించు ఒక్కటే. భూగోళపు పటములో అడవులను ముదురాకుపచ్చతోను, గనులను ముదురెరుపుతోను చూపి, ఎరుపు ప్రాంతములను గుర్తింపుమన్నచో వాడేమి చేయును? మన కన్నులకు ఎంత వేరుగా తోచినను, వెలుగులో ఆ రెండు రంగుల తేడా ఒకటిన్నరకు మించదు. రంగుతోబాటు గీతలుగాని, చుక్కలుగాని, పేరుగాని చేర్చినచో ఆ పిల్లవాడును తక్కినవారితో సమానముగా సమాధానము వ్రాయగలడు. పచ్చనిపట్టీపై ఎర్రని అక్షరములు వలదనుటకు ఇది రెండవకారణము: సామాన్యులకు కష్టము, వీరికి అసాధ్యము.

ఇంట చేయదగిన పరీక్షలు

ఇంత శాస్త్రము తెలిసియుండవలసిన యవసరము తల్లిదండ్రులకు లేదు. ఒక పుట చదువుటకు అనువుగా నున్నదో లేదో తేల్చుకొనుటకు సులభమైన పరీక్షలు నాలుగు కలవు.

మొదటిది: పుటను చేయి చాచినంత దూరమున పట్టి చూడుడు. శీర్షికలు కాక లోపలి మాటల ఒత్తులు తెలియుచున్నవా?

రెండవది: ఆ పుటను జెరాక్సు తీయింపుడు. రంగు పోయి వెలుగుచీకట్లు మాత్రమే మిగులును. నకలులో చదువగలిగినది అసలులో తప్పక చదువవచ్చును. ప్రకటనలు ఇంటింటికి నకళ్లుగానే చేరుచుండును గనుక ఈ పరీక్ష మిక్కిలి యుపయోగకరము. ముదురాకుపచ్చని అక్షరము నకలులో నల్లగా నిలుచును. ముదురాకుపచ్చ యడుగుపై నల్లని అక్షరమున్నచో నకలంతయు మసిబొగ్గగును.

మూడవది: వెబ్‌పుటయైనచో ఫోనులో రంగులను తీసివేసి నలుపుతెలుపులలో చూపు ఏర్పాటును ఎంచుకొని, ఎండలో నొకసారి, దీపమువద్ద నొకసారి చూడుడు.

నాల్గవది, అన్నింటికంటె నమ్మదగినది: ఇంటిలోని పెద్దలచేతను, రెండవతరగతి పిల్లవానిచేతను ఆ పుటను చదివింపుడు. పెద్దల కన్ను మసకను, పిల్లల కన్ను క్రొత్తదనమును ఎదుర్కొనుచుండును. ఆ యిద్దరును తడబడని పుటలో రంగు తన పనిని సరిగా చేయుచున్నదని నిశ్చయింపవచ్చును.

మా మనవి

సంచికలకు శుభాకాంక్షల ప్రకటనలిచ్చు దాతలు, ముదురాకుపచ్చపై బంగారురంగు అక్షరములను కోరుట కలదు. మిలమిలలాడు నిజమైన బంగారుపూత వేరు. నాలుగుసిరాలతో అచ్చువేసిన బంగారురంగు గోధుమవన్నెకు దిగి, పచ్చలో నణగిపోవును. అట్టివారు పేరును తెలుపుతోగాని, లేతపసుపుతోగాని లావైన అక్షరములలో వేయించుకొన్నచో సొమ్ము సార్థకమగును, పేరు పదిమందికి తెలియును. సంచికను కూర్చువారు ప్రూఫును చూపినప్పుడు రంగు బాగున్నదా యని మాత్రమే చూడక, ప్రతి ఒత్తు బ్రతికియున్నదా యనియు చూడవలెనని కోరుచున్నాము. పాఠశాల వెబ్‌సైటులోగాని, ప్రకటనలోగాని చదువరాని చోటు కనబడినచో మొగమాటపడక తెలియజేయవలెను. ఒకరికి చదువరానిది పదిమందికి చదువరానిదై యుండును. ఆ పదిమందియు తప్పు తమ కంటిదే యనుకొని యూరకుందురు.

ముదురాకుపచ్చను మానుడని మా యుద్దేశము గాదు. తెలుపునకు ఎదురుగా నలుపంత కఠినముగా తోచక, నలుపువలెనే నమ్మకముగా అక్షరమును మోయగల రంగులు కొలదిగా నున్నవి. వానిలో నిది యగ్రగణ్యము. దాని ముదురుదనమును అక్షరమునకును, పచ్చదనమును అలంకారమునకును వినియోగింతము. తెలుగుపుట చేతికి వచ్చినప్పుడు మన పిల్లవాడు ముందుగా రంగును మెచ్చుకొనవచ్చును. ఆ వెంటనే, తడబాటు లేక, మొదటిపంక్తిని పైకి చదువగలుగవలెను.